నంబర్ తాళాలు: చెరువు షెడ్డుకు ఏది, ఇంటికి ఏది, అంకె దాచుకోవడం ఎట్లా

నెల్లూరు చిన్నబజారులో గానీ ఒంగోలు ట్రంకు రోడ్డులో గానీ హార్డ్‌వేర్ కొట్టుకు పోయి నంబర్ తాళం కావాలంటే మూడు రకాలు ముందు పెడతారు. మూడు చక్రాల సూట్‌కేసు తాళం, నాలుగు చక్రాల గొళ్ళెం తాళం, మీటలు నొక్కే డిజిటల్ లాకర్. మొదటిది వంద రెండొందల్లో అయిపోతుంది, చివరిదానికి వేలు పెట్టాలి. ధర ఎంతయినా మూడింటిలోనూ అసలు కాపలా కాసేది ఇనుము కాదు, అంకె. ఆ అంకె ఎంచుకోవడం, నలుగురికీ చెప్పడం, మరిచిపోకుండా రాసిపెట్టుకోవడం తాళంతోపాటు ఇచ్చే కాగితంలో ఉండవు. అందుకే ఈ సమీక్షలో సగం సరుకు గురించి, సగం అంకె గురించి.

ముందు నాలుగు చక్రాలది. మన వైపు దీనికి గిరాకీ తెచ్చింది రొయ్యల చెరువులే. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అటు కొత్తపట్నం, టంగుటూరు దాకా గట్ల మీద మేత బస్తాల షెడ్డు, జనరేటర్ గది, మందుల అలమర ఉంటాయి. పగలు ఒకరు, రాత్రి ఒకరు మేత వేస్తారు. తాళంచెవి ఒకటే ఉంటే అది ఎవరి జేబులోనో ఊరికి పోతుంది, అవతల మేత టైము దాటిపోతుంది. రెండు మూడు చెవులు చేయిస్తే ఎవరి దగ్గర ఏదుందో లెక్క ఉండదు. నంబర్ తాళంలో ఈ తలనొప్పి లేదు. పనిమనిషి మారిన రోజు అంకె మార్చేస్తే చాలు, తాళం మార్చక్కర్లేదు. ఈ ఒక్క సౌకర్యానికే ఇది కొనదగ్గ సరుకు.

ఒక్కో చక్రం మీద 0 నుంచి 9 దాకా పది అంకెలు. నాలుగు చక్రాలకు 10,000 కలయికలు. సెకనుకు ఒకటి చొప్పున వరసగా తిప్పుకుంటూ పోయినా మొత్తం అయ్యేసరికి 2 గంటల 46 నిమిషాలు పడుతుంది. మూడు చక్రాలదయితే 1,000 కలయికలే, 17 నిమిషాల్లోపు అయిపోతాయి. సగటున అందులో సగం టైముకే దొరుకుతుంది కాబట్టి, మూడు చక్రాల తాళం టీ తాగొచ్చేలోగా తెరుచుకునేది అనుకోవాలి.

ఈ 10,000 లెక్క తాళం సరిగ్గా చేస్తేనే నిజం. చవక తాళాల్లో చక్రానికీ, గొళ్ళెంలో దూర్చే కడ్డీకీ మధ్య వదులు ఎక్కువ. చక్రం లోపల ఒక గాడి ఉంటుంది, సరైన అంకె దగ్గర అది కడ్డీ పంటికి ఎదురుగా వచ్చి దారి ఇస్తుంది. ఆ గాడి వెడల్పుగా కోసేస్తే పక్క అంకెకూ దారి ఇచ్చేస్తుంది. ప్రతి చక్రంలో అసలు అంకెతోపాటు పక్కది ఒకటి పనిచేసినా చక్రానికి పది అనుకున్నవి అయిదే అవుతాయి, 10,000 కలయికలు కాస్తా 625కు పడిపోతాయి. ఇది కొట్లోనే తేలిపోతుంది. తాళం వేయించి, అసలు అంకెలు పెట్టి, ఒక చక్రాన్ని మాత్రం ఒక మెట్టు పైకి తిప్పి లాగండి. తర్వాత ఒక మెట్టు కిందికి తిప్పి లాగండి. నాలుగు చక్రాలకూ చేస్తే ఎనిమిది లాగుళ్ళు, నిమిషం పని. ఒక్కసారి ఊడినా ఆ తాళం పక్కన పెట్టేయండి, అదే డబ్బాలో ఇంకోటి అడగండి. ఒకే డబ్బాలో ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉండటం మామూలే.

రెండో పరీక్ష చేతి స్పర్శది. తాళం వేసి, కడ్డీని గట్టిగా లాగిపట్టి, చక్రాలను ఒక్కొక్కటే మెల్లగా తిప్పండి. ఒక చక్రం మాత్రం బిగుసుకుని, ఒక అంకె దగ్గరికి రాగానే ‘టక్’మని వదులయితే ఆ తాళం తన రహస్యం తానే చెప్పేస్తోందన్నమాట. చెయ్యి తిరిగినవాడు ఒక్కో చక్రాన్నీ అట్లా వదులు చేసుకుంటూ పోతాడు, 10,000తో పనే ఉండదు. మంచి తాళాల్లో దీనికి విరుగుడుగా ప్రతి చక్రంలో లోతు తక్కువ నకిలీ గాళ్ళు కూడా కోస్తారు. అప్పుడు చాలా అంకెల దగ్గర వదులయినట్టే అనిపిస్తుంది, ఏది నిజమో చేతికి తెలీదు. మూడోది, చక్రాల పక్క సందులోకి పెళ్ళికార్డు అట్ట అంచు దూరిందంటే పల్చటి రేకూ దూరుతుంది. అట్లాంటిదీ వద్దు.

అంకెలు రంగుతో అచ్చేసినవి కాకుండా చెక్కినవి చూసుకోండి. చెరువు గట్టు మీద ఎండకు రంగు అంకెలు రెండు వేసవులకు వెలిసిపోతాయి. చెక్కిన అంకెనయితే రాత్రిపూట టార్చి లేకపోయినా బొటనవేలితో తడిమి గుర్తుపట్టొచ్చు.

అంకె మార్చే పద్ధతి ఎక్కువ తాళాల్లో ఇదే. కొత్త తాళం 0-0-0-0 మీద తెరుచుకుంటుంది. కడ్డీని పైకి లాగి, తొంభై డిగ్రీలు పక్కకు తిప్పి (కొన్నిటిలో పూర్తిగా వెనక్కి, నూట ఎనభై డిగ్రీలు), అట్లాగే కిందికి నొక్కి పట్టుకోవాలి. నొక్కి ఉంచే కొత్త అంకెలు పెట్టాలి. తర్వాత కడ్డీ వదిలి, పైకి వచ్చాక మామూలు దిక్కుకు తిప్పాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, వెంటనే గొళ్ళేనికి వేసేయడం. తలుపుకు వెయ్యకముందే చేతిలో పెట్టుకుని మూడుసార్లు వేసి తీసి చూడాలి. సూట్‌కేసు తాళాల్లో కడ్డీకి బదులు పిన్నుతో నొక్కే చిన్న బొత్తాం గానీ పక్కకు జరిపే మీట గానీ ఉంటుంది, మిగతాదంతా ఇదే వరస.

తాళం దానంతటదే అంకె మార్చేసుకుందని కొట్లకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఒకటే. తెరిచి ఉన్న తాళాన్ని ఎవరో, తరచుగా పిల్లలు, కడ్డీ తిప్పి నొక్కి ఆడుకుంటారు. ఆ నొక్కులో ఒక చక్రం ఒక మెట్టు జరిగి ఉంటుంది. రంపం తెచ్చి కోసేముందు ఒక పని చేయండి. పాత అంకె పెట్టి, ఒక్కో చక్రాన్ని ఒక మెట్టు అటూ ఇటూ మార్చి చూడండి, ఎనిమిది ప్రయత్నాలు. రాకపోతే రెండేసి చక్రాలు జరిపి చూడండి, ఇంకో 24. నాలుగు చక్రాలకూ వెనక, అసలు, ముందు అంకెలన్నీ కలిపినా మొత్తం 81 మించవు. పది నిమిషాల్లో తేలిపోతుంది. తెరిచి ఉన్నంతసేపు తాళాన్ని గొళ్ళేనికే తగిలించి అంకెలు చెదరగొట్టి ఉంచితే ఆ బాధా ఉండదు, పనివాళ్ళు వచ్చీపోతూ అంకె చూసేయడమూ ఉండదు.

సముద్రం పక్క తాళానికి ఉప్పుగాలే మొదటి శత్రువు. ఒళ్ళు ఇత్తడిదయితే పైన పచ్చ చిలుము పడుతుందే గానీ పనికి అడ్డం రాదు. పోతపోసిన జింకు మీద క్రోమియం పూత ఉన్నదయితే మైపాడు వైపు గాలికి పూత పొక్కులు లేచి, చక్రాలు పట్టేస్తాయి. ఇత్తడి తాళంలోనూ లోపలి స్ప్రింగు ఉక్కుదే కాబట్టి తుప్పు పూర్తిగా తప్పదు. నూనె పోయడం మాత్రం వద్దు. గట్టు మీద మేత పొడి, చీమకుర్తి వైపయితే గ్రానైట్ దుమ్ము, ఆ నూనెకు అంటుకుని గంజిలా తయారవుతుంది. తాళంలో వేసే గ్రాఫైట్ పొడి హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతుంది. అది లేకపోతే మెత్తటి పెన్సిల్ ముల్లును బ్లేడుతో గీరి, ఆ పొడి చక్రాల సందుల్లో ఊది, నాలుగు వైపులా తిప్పితే సరిపోతుంది. రెండు నెలలకోసారి చాలు.

ఇంకొకటి. గొళ్ళెం మరమేకులతో బిగించి ఉంటే ఎంత మంచి తాళమైనా దండగే, స్క్రూడ్రైవర్ చాలు. గొళ్ళేనికి తలుపు అవతలిదాకా పోయే బోల్టులు పెట్టి లోపలి వైపు నట్లు బిగించాలి.

మూడు చక్రాల సూట్‌కేసు తాళం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రైల్లో పక్కవాడు జిప్పు తీయకుండా ఆపడానికి సరిపోతుంది, అంతే. ఎర్ర గుర్తు, పక్కన చిన్న తాళంచెవి రంధ్రం ఉన్నవాటికి కొట్లో ఎక్కువ అడుగుతారు. అది అమెరికా విమానాశ్రయాల తనిఖీవాళ్ళు తమ మాస్టర్ తాళంచెవితో తెరుచుకోవడానికి పెట్టింది. ఆ తాళంచెవుల నమూనాలు 2015లో ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. అటు పోయే పని లేనివాళ్ళు ఆ రంధ్రానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు, అది లేని తాళమే మేలు.

డిజిటల్ లాకర్ కథ వేరు. బీరువాలో పట్టే చిన్న ఉక్కు పెట్టె, తలుపు మీద అంకెల మీటలు, లోపల నాలుగు పెన్సిల్ సెల్లు. తలుపు తెరిచాక కీలు దగ్గర లోపలి వైపు చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కి, కొత్త అంకె కొట్టి, ఖాయం చేసే మీట నొక్కితే అంకె మారుతుంది. ఎక్కువ పెట్టెలు మూడు నుంచి ఎనిమిది అంకెలు తీసుకుంటాయి. ఆరు అంకెలు పెట్టుకుంటే పది లక్షల కలయికలు. పైగా వరసగా కొన్ని తప్పులు కొడితే కాసేపు పనిచేయకుండా ఆగిపోతుంది కాబట్టి కూర్చుని కొట్టి చూడటం కుదరదు.

దీంట్లో తప్పులన్నీ మొదటిరోజే జరుగుతాయి. చాలా మోడళ్ళలో యజమాని అంకె కాకుండా ఫ్యాక్టరీ పెట్టిన మాస్టర్ అంకె ఇంకొకటి ఉంటుంది. అది కాగితంలో అచ్చేసే ఉంటుంది, ఆ మోడల్ పెట్టెలన్నిటికీ ఒకటే. సొంత అంకె మార్చి దీన్ని మార్చకపోతే ఆ కాగితం చదివినవాడెవడైనా పెట్టె తెరవగలడు. కొట్లోనే రెండూ మార్చి చూపించమనాలి. రెండో తప్పు, సెల్లు అయిపోతే వాడే ఇనుప తాళంచెవిని ఆ పెట్టెలోనే దాచడం. సెల్లు చచ్చిన రోజు చెవి లోపల, మనం బయట. ఆ చెవి వేరే గదిలో, వేరే ఇంట్లో ఉన్నా మంచిదే. సెల్లు సంవత్సరానికోసారి నాలుగూ కలిపి మార్చాలి. పాతవీ కొత్తవీ కలిపితే పాతది కారి స్ప్రింగులు తినేస్తుంది. మూడో తప్పు, గోడకు బిగించకపోవడం. వెనక వైపు, అడుగున రంధ్రాలు ఇచ్చేది అందుకే. బిగించని చిన్న పెట్టెను దొంగ తెరవడానికి కష్టపడడు, చంకలో పెట్టుకుని పోతాడు.

మీటలు ఇంకో చోట మోసం చేస్తాయి. ఏళ్ళ తరబడి అవే నాలుగు మీటలు నొక్కితే వాటి మీద అంకె అరిగి, మెరుపు తేడా కనిపిస్తుంది. నాలుగు వేర్వేరు మీటలు అరిగాయంటే వాటి వరసలు 24 మాత్రమే. అదే నాలుగు స్థానాల్లో ఒక అంకె రెండుసార్లు వచ్చి మూడే మీటలు అరిగితే వరసలు 36. అంటే ఒక అంకె మళ్ళీ వచ్చే నంబరే ఇక్కడ కాస్త గట్టిది. వినడానికి తిరకాసుగా ఉన్నా లెక్క అదే. ఆరునెలలకోసారి అంకె మారిస్తే అరుగుదల అన్ని మీటల మీదా సమంగా పడుతుంది.

ఇక అంకె ఎంపిక. బయటపడ్డ దాదాపు 34 లక్షల నాలుగంకెల పాస్‌వర్డులను 2012లో లెక్కగడితే నూటికి పది మందికి పైగా పెట్టుకున్నది 1234. ఆ తర్వాత 1111. పుట్టిన సంవత్సరాలు కూడా విపరీతంగా వచ్చాయి. మన దగ్గర ఇంకోటి కలుపుకోవాలి, బండి నంబరు. ఏపీ 26, ఏపీ 27 రోజుల నుంచి తర్వాత వచ్చిన ఏపీ 39 దాకా బండి చివరి నాలుగంకెలే ఇంటి తాళానికీ, ఏటీఎంకీ, ఫోన్‌కీ పెట్టేవాళ్ళు ఎందరో. ఆ అంకె ఇంటి ముందు బండి మీద పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. తల్లోంచి తీసిన అంకె ఏదైనా ఏదో ఒక పుట్టినరోజు వైపు వాలుతుంది. అందుకని పది చీటీల మీద 0 నుంచి 9 రాసి, గిన్నెలో వేసి, ఒకటి తీసి అంకె రాసుకుని చీటీ మళ్ళీ గిన్నెలో వేసి కలపండి. అట్లా నాలుగుసార్లు. తీసిన చీటీ మళ్ళీ వెయ్యడం మరవద్దు, లేకపోతే ఒకే అంకె రెండుసార్లు వచ్చే నంబర్లన్నీ పోతాయి.

చీటీల్లో 8316 వచ్చిందనుకుందాం. అది ఎట్లా గుర్తుంటుంది? గోడ మీదో క్యాలెండర్ మీదో రాస్తే తాళం ఎందుకు? ఇక్కడ మనకు కొట్లో దొరకని సరుకు ఒకటుంది, సంగీతం నేర్చుకునేవాళ్ళకు బాగా తెలిసింది, కటపయాది. అంకెలను అక్షరాల్లో దాచే పద్ధతి. కర్ణాటక సంగీతంలో మూలమైన 72 మేళకర్త రాగాల పేర్లు దీన్నిబట్టే కుదిర్చారు. శంకరాభరణానికి ముందు ‘ధీర’, కల్యాణికి ముందు ‘మేచ’, తోడికి ముందు ‘హనుమ’ చేర్చింది వాటి వరస సంఖ్య పేరులోనే పలకాలని. ధీ 9, ర 2. తిరగేస్తే 29, శంకరాభరణం 29వ మేళకర్త.

నియమాలు ఇవి. క ఖ గ ఘ ఙ చ ఛ జ ఝ వరసగా 1 నుంచి 9, ఞ సున్న. ట ఠ డ ఢ ణ త థ ద ధ వరసగా 1 నుంచి 9, న సున్న. ప ఫ బ భ మ 1 నుంచి 5. య ర ల వ శ ష స హ ళ 1 నుంచి 9. విడిగా వచ్చిన అచ్చు సున్న. గుణింతం లెక్కలోకి రాదు, క అయినా కూ అయినా 1. పూర్ణానుస్వారం (ం) లెక్కలేదు. ఒత్తు ఉంటే చివరి హల్లుదే లెక్క. వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి.

కనిగిరి తీసుకుంటే క 1, ని 0, గి 3, రి 2. తిరగేస్తే 2301. ఆత్మకూరులో ఆ 0, త్మలో చివరి హల్లు మ కాబట్టి 5, కూ 1, రు 2. తిరగేస్తే 2150. కందుకూరు 2181. నెల్లూరు 230, అల్లూరూ 230. గూడూరు 233, గోంగూర కూడా 233. ఒక అంకెకు మూడు నాలుగు హల్లులు ఉండటంతో ఒకే నంబరుకు ఎన్నో మాటలు కుదురుతాయి. గూఢలిపి (సైఫర్) గురించి తెలిసినవాళ్ళు దీనికి విలువ ఇచ్చేది అందుకే. బట్టల వ్యాపారులు కొన్న ధరను చీటీ మీద అక్షరాల్లో రాసుకునే పాత పద్ధతి ఉంది కదా, పది వేర్వేరు అక్షరాలున్న మాట ఒకటి పెట్టుకుని ఒక్కో అంకెకు ఒక్కో అక్షరం. అందులో ఒక అంకెకు ఎప్పుడూ ఒకే అక్షరం. ధరలు ఎక్కువగా సున్నతోనో అయిదుతోనో ముగుస్తాయి కాబట్టి పది చీటీలు చూసినవాడికి చివర పదేపదే వచ్చే రెండక్షరాలు ఏమిటో తెలిసిపోతాయి. కటపయాదిలో అదే సున్నను ‘న’తో ఒకసారి, ‘అ’తో ఒకసారి, ‘ఈ’తో ఒకసారి రాయొచ్చు. లెక్కపెట్టేవాడికి అంత తేలిగ్గా చిక్కదు.

ఇప్పుడు 8316కు మాట కట్టాలి. ముందు తిరగేయాలి, 6138. ఆరుకు చ, త, ష. ఒకటికి క, ట, ప, య. మూడుకు గ, డ, బ, ల. ఎనిమిదికి జ, ద, హ. గుణింతం మన ఇష్టం. తో, ట, గ, ది. ‘తోట గది’. చెరువు మీది మనిషి రాత్రి ఫోన్ చేసి “అన్నా, తాళం ఎంతకు మార్చినావు?” అంటే “తోట గది, అబ్బయ్యా” అంటే చాలు. పక్కన నలుగురు విన్నా అది గది పేరే. వాట్సాప్‌లో పంపినా అంతే. 2016 నుంచి వాట్సాప్ సందేశాలు దారిలో ఎవరూ చదవలేని గూఢలిపిలోనే పోతున్నాయి. కానీ చేరాక ఫోన్ తెర మీద కనిపించేది మామూలు అక్షరాలే, ఆ ఫోన్ ఎందరి చేతుల్లోకి పోతుందో మనకు తెలీదు. అంకె పంపితే తాళం నంబరని ఎవరికైనా తెలుస్తుంది. ‘తోట గది’ పంపితే తెలీదు.

లాకర్‌కు ఆరంకెలు కావాలంటే మాట పొడుగు చేయాలి. చేపల పులుసు 731316 అవుతుంది. మన మొలగొలుకులు 313335. ఇవి ఇక్కడ అచ్చయిపోయాయి కాబట్టి వాడొద్దు, పద్ధతి కోసం చెప్పింది. మాటను ముందు ఎంచుకుని అంకె తీయడం కూడా మంచిది కాదు. మన ఊరి పేరు, మన దేవుడి పేరు, మన పిల్లల పేరే నోటికొస్తుంది, పుట్టినరోజు పెట్టినట్టే అవుతుంది. అంకె చీటీల్లో తీయాలి, మాట దానికి తర్వాత కట్టాలి.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి తిరగేయడం మరిచిపోవడం. తాళం రాకపోతే ముందు అంకెలు తలకిందుగా పెట్టి చూడండి. రెండోది ఒత్తులు. రాగాల పేర్లలోనే ఈ నియమం అక్కడక్కడా సడలింది. చక్రవాకం 16వ మేళకర్త. చ 6, క్రలో చివరి హల్లు ర తీసుకుంటే 26 వస్తుంది, క తీసుకుంటేనే 16. సంగీతం వచ్చినవాళ్ళు ఒకరకంగా, రానివాళ్ళు ఒకరకంగా లెక్కపెట్టి తలుపు ముందు నిలబడకుండా ఉండాలంటే తాళం మాటలో ఒత్తులు లేకుండా చూసుకోవడం ఉత్తమం.

అయితే కటపయాది తెలిసినవాడికి ఇది తెరిచిన పుస్తకం. పిల్లలు ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి మాట్లాడుకునే క-భాష లాంటిదే, ఒకసారి కిటుకు తెలిస్తే ఇక దాపరికం లేదు. 1883లో కెర్‌కాఫ్స్ అనే డచ్ పండితుడు గూఢలిపికి పెట్టిన నియమం ఇప్పటికీ చెల్లుతోంది. పద్ధతి శత్రువుకు తెలిసినా ఫరవా ఉండకూడదు, తెలియకూడనిది తాళంచెవి ఒకటే. కాబట్టి ఇంట్లో బంగారం ఉన్న లాకర్ లాంటివాటికి మాట కట్టేముందు ఒక రహస్య అంకె కలపాలి. నలుగురికీ చెప్పనిది, ఎక్కడా రాయనిది, నాలుగంకెలది. అది 4725 అనుకుందాం, అసలు అంకె 8316. ఒక్కో స్థానాన్ని విడిగా కూడాలి, పదో అంతకు మించో వస్తే పదిని వదిలేయాలి, పక్కకు మోయకూడదు. 8, 4 కలిపితే 12, రాసేది 2. 3, 7 కలిపితే 10, రాసేది 0. 1, 2 కలిపితే 3. 6, 5 కలిపితే 11, రాసేది 1. వచ్చింది 2031. క్యాలెండర్ మూలన అది రాసుంటే చూసేవాళ్ళకు ఏదో సంవత్సరం. తిరిగి తీసేటప్పుడు స్థానం స్థానం తీసివేయాలి, చాలకపోతే పది అరువు తెచ్చుకోవాలి, పక్క స్థానం నుంచి మాత్రం కాదు. 2లోంచి 4 పోదు, 12లోంచి 4 పోతే 8. 10లోంచి 7 పోతే 3. 3లోంచి 2 పోతే 1. 11లోంచి 5 పోతే 6. బడిలో నేర్చుకున్న అలవాటుకొద్దీ పక్కకు మోస్తే అంకె తప్పుతుంది. ఇందులో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇదే.

ఇక్కడ తప్పక పట్టించుకోవలసింది ఇంకొకటుంది. ఆ రహస్య అంకెను రెండు తాళాలకు వాడకూడదు. షెడ్డు తాళం అసలు అంకె 8316 అని పనివాడికి తెలుసు, తెలియాలి కూడా. దాని పక్కన మనం రాసుకున్న 2031 కూడా వాడి కంట పడితే, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే 4725 చేతికొస్తుంది. అదే 4725 ఇంటి లాకర్‌కూ కలిపి ఉంటే, క్యాలెండర్ మీది రెండో అంకె చూసి లాకర్ తెరవగలడు. తాళం గట్టిదే, సెల్లు కొత్తవే, అంకె చీటీల్లో తీసిందే, అయినా పోతుంది. నలుగురికి తెలిసే తాళానికి మాట ఒక్కటే చాలు, రహస్య అంకె వద్దు. రహస్య అంకె ఇంటి వరకే ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరికి నోటితో చెప్పి గుర్తుందో లేదో నెలకోసారి అడగండి. ఒక్కరికే తెలిసి ఉంటే ఆసుపత్రి అవసరం పడ్డ రోజు ఇల్లంతా లాకర్ ముందు కూర్చోవాలి.

మొత్తానికి కొనుగోలు ఇట్లా. చెరువు షెడ్డుకు, జనరేటర్ గదికి నాలుగు చక్రాల ఇత్తడి తాళం, చెక్కిన అంకెలది, పైన చెప్పిన ఎనిమిది లాగుళ్ళకూ నిలిచినది. పెట్టిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది. వీధి తలుపుకు, రాత్రిళ్ళు ఎవరూ లేని గోదాముకు ఇది చాలదు, అక్కడ తాళంచెవి ఉన్న బరువైన తాళమే వేయాలి. ఇంటి లాకర్ కొనదగ్గదే, కాకపోతే బిగించే మనిషిని అదే రోజు పిలిపించగలిగితేనే కొనండి. కొట్టువాళ్ళే బిగించి ఇస్తామంటే డ్రిల్లు పని అయ్యేదాకా అంకె పెట్టకండి, వాళ్ళు గడప దాటాక రెండు అంకెలూ మార్చుకోండి. పనిమనిషి మానేసిన రోజున షెడ్డు తాళం మార్పు సాయంత్రం మేతకు ముందే అయిపోవాలి, కొత్త మాట మిగతావాళ్ళకు నోటితోనే చెప్పాలి.